చెరువు గట్టున ముత్యం గుడారం

కోరుట్ల దాటాక అడవిలో ఉన్న పార్కుకు ముత్యం సిరిసిల్ల నుంచి కూతురినీ మనవరాలినీ వెంటబెట్టుకుని వచ్చాడు. టేకు చెట్ల నడుమ చెరువు, గట్టున వరసగా గుడారాలు. వాటిలో ఒకదానిలో రెండు రాత్రులు పడుకోవాలని డెబ్బై మూడేళ్ల ముత్యం పట్టుదల.

గేటు దగ్గర మేనేజరు రవీందర్ ఆధార్ కార్డు చూసి తలెత్తాడు. "పెద్దాయనా, అరవై దాటినోళ్లకు టెంటు ఇయ్యం. గేటు పక్కన రూము ఇస్తం. ఫ్యానుంటది."

"ఫ్యాను మా ఇంట్ల లేదా? గీడిదాక ఫ్యాను కోసం అచ్చిన్నా?"

"టెంటు ఎవలది ఆళ్లే ఏసుకోవాలె. పోరగాళ్లకే చాతనైతలేదు."

"బాపూ, రూముల పండుకోరాదు" అంది కూతురు స్వర్ణలత.

"నువ్వు ఊకో బిడ్డా" అని ముత్యం రవీందర్ వైపు తిరిగాడు. "నేనే ఏస్త. కూలితె రూముకు పోత. నిలబడితె గండ్లనే పండుకుంట."

రవీందర్ నవ్వి సరేనన్నాడు.

నాలుగో తరగతిలో బడి మాని మగ్గం గుంతలో కాళ్లు పెట్టిన మనిషి ముత్యం. పదకొండేళ్లకే చీర నేశాడు. వీధి పొడవునా పడుగు సాగదీసి, రెండు కొసలా గుంజలకు మోకులు బిగిస్తే ఒక్క పోగు జారేది కాదు. మరమగ్గాలొచ్చాక ఆ సాంచెలు ఆరింటిని ఒక్కడే నడిపాడు. అలాంటివాడికి నాలుగు తాళ్ల గుడారం ఒక లెక్కా?

మేకులు దిగాయి. ప్రతి తాడుకూ వేలెడు వదులు ఉంచాడు. మంచుకు తాడు బిగుసుకుంటుంది, ముందే వదులు ఉంచకపోతే పడుగు తెగుతుంది. తండ్రి నేర్పిన పని అది. రవీందర్ చుట్టూ తిరిగి చూశాడు, వంక దొరకలేదు.

తెల్లారేసరికి గుడారం ముత్యం ముక్కు మీదికొచ్చింది. అది నూలు తాడు కాదు, నైలాన్‌ది. మంచుకు బిగుసుకోలేదు సరికదా, ఇంకాస్త సాగింది.

"తాతా, నీ పడుగు జారింది" అని మనవరాలు పూజ పకపకా నవ్వింది.

రవీందర్ టీ గ్లాసుతో వచ్చాడు. "ఏమాయె పెద్దాయనా, కూలింది గదా. రూముకు పోదామా?"

ముత్యం పాకుతూ బయటికొచ్చి పంచె దులుపుకున్నాడు. "కూలలే, ఒంగింది. నూలు తాడు గుణం అరవై ఏండ్ల సంది ఎర్క. గీ తాడు గుణం ఇయ్యాల ఎర్కైంది."

నాలుగు తాళ్లూ విప్పి, ఈసారి ఇసుమంత వదులు లేకుండా లాగి కట్టాడు. గుడ్డ మీద వేలితో కొడితే డప్పులా మోగింది.

"ఇయ్యాల గూడ గిండ్లనే పండుకుంట. నీ రిజిస్టర్ల రాస్కో" అంటూ రవీందర్ చేతిలోని టీ గ్లాసు అందుకున్నాడు.