వీరన్న అంగి

రాష్ట్రం వచ్చిన కొత్తలో, ఎవరి నోట విన్నా మన చరిత్ర, మన యాస, మన బోనం అన్న మాటలే వినిపించిన ఆ రోజుల్లో, నేను హైదరాబాదులో లా చదువుతుండేవాణ్ణి. చదువు సగంలోనే ఉన్నా గర్వం మాత్రం అప్పటికే పూర్తయింది. కాలేజీ పాఠాలు చాలవన్నట్టు, వారసత్వ సంపద చట్టాల మీద ఆదివారాలు చెప్పే తరగతిలో కూడా చేరాను. పాత శిల్పాలు ఎవరికి చెందుతాయి, భూమిలో బయటపడ్డ వస్తువును ఎవరికి చూపాలి, దేశం దాటిపోయిన విగ్రహాన్ని ఎట్లా తిరిగి అడగాలి అని మా సారు చెబుతుంటే, అవన్నీ నాకోసమే ఎదురుచూస్తున్నాయని అనిపించేది. (మధ్యలో ఒక ఆదివారం బిర్యానీ కోసం తరగతి ఎగ్గొట్టాను. దాని ఫలితం తర్వాత చెబుతాను.)

కల్వకుర్తికి కాస్త దూరంలో ఉన్న మా ఊరి మొదట్లో వీరన్న నిలబడి ఉంటాడు. ఏ కాలపు యుద్ధంలోనో పడిపోయిన ఒక మనిషి గుర్తుగా నిలిపిన రాయి, అంటే వీరగల్లు. బోనాలకు ముందు ఆయనకు రంగులు వేయడం మా ఊరి ఆచారం. ఏటా ఒక ఇంటి వంతు. ఆకుపచ్చ అంగి, ఎర్ర ధోతి, నల్ల మీసం, అన్నీ తలుపులకు వేసే ఆయిల్ పెయింటుతోనే. పొర మీద పొర పడి పాపం వీరన్న బాగా ఒళ్లు చేశాడు. ఆ ఏడు వంతు మా ఇంటిది. మా అవ్వ ఆ వంతు కోసం చాలా ఏళ్లుగా కాచుకుని ఉంది. రంగు డబ్బాలు కూడా ముందే తెప్పించి మంచం కింద పెట్టుకుంది.

సరిగ్గా అప్పుడే నేను ఊళ్లో దిగాను. వందేళ్లు దాటిన శిల్పం దేశం ఆస్తి అని, దాని మీద పెయింటు పూయడం నేరమని అవ్వకు ఒక ఉపన్యాసం ఇచ్చాను. (ఈ రెండు మాటల్లో ఎంత నిజముందో ఇప్పుడు నా విద్యార్థులు అడిగితే గంటసేపు చెబుతాను, అప్పుడు అర నిమిషంలో తేల్చేశాను.) అవ్వ అంతా విని, నెమ్మదిగా అడిగింది.

"నువ్వు కోర్టుకు నల్లకోటు లేకుండ పోతవారా?"

"పోరాదవ్వా."

"మరి పండుగ పూట ఆయన అంగి లేకుండ ఎట్ల నిలవడతడు?"

జవాబు లేనప్పుడు గొంతు పెంచడం నాకు అప్పటికే అబ్బిన విద్య. పోలీసులు, జైలు అనే మాటలు వాడాను. అవ్వ డబ్బాలను మళ్లీ మంచం కిందికి తోసి, నాతో మాట్లాడటం మానేసింది.

నేను మాత్రం వెదురు పుల్ల, కొబ్బరి పీచు పట్టుకుని రాయి ముందు కూర్చున్నాను. ఇనుము తగలకూడదని సారు చెప్పిన మాట ఒక్కటి మాత్రం గుర్తుంది. నానబెట్టి, గీకి, కడిగి, సెలవులన్నీ అక్కడే గడిపాను. పెయింటు ఊడేకొద్దీ లోపలి వీరన్న బయటికొచ్చాడు. సన్నటి నడుము, ఎత్తిన కత్తి, కాళ్ల దగ్గర ఎవరూ ఎన్నడూ చూడని చిన్న కుక్క. ఆ కుక్క తల మీది మట్టిని వేలితో తుడిచాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఇస్త్రీ చొక్కా, మెడకు టై కట్టుకుని, రాయి పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఫొటో దిగాను. ఊరి పేరు, దారి గుర్తులతో సహా, కింద చట్టం గురించి చాంతాడంత రాసి, లోకమంతా చూసేలా ఫోన్‌లో పెట్టాను.

లోకం చూసింది. దాంట్లో షాద్‌నగర్ వైపు రిసార్టు కట్టిస్తున్న ఒకాయన కూడా ఉన్నాడు. తెల్ల కారులో వచ్చి వీరన్న చుట్టూ తిరిగి, తన తోటలో నీళ్ల ఫౌంటెన్ పక్కన బాగుంటుందని సర్పంచ్ మామతో అన్నాడట. బదులుగా నిలువెత్తు కొత్త విగ్రహం, లైట్ల కమాను ఇస్తానన్నాడు. మామకు కమాను నచ్చింది.

నేను పరుగున వెళ్లి చట్టం మొదలుపెట్టాను. ఆయన చిరునవ్వుతో విని, "గీ రాయి సర్కారు లిస్టుల ఉన్నదా తమ్మీ?" అన్నాడు. ఏ శిల్పం రక్షిత జాబితాలోకి ఎట్లా వస్తుందో చెప్పింది సరిగ్గా నేను బిర్యానీ తిన్న ఆదివారమే.  ఎల్లుండి క్రేను తెస్తానని చెప్పి ఆయన వెళ్లిపోయాడు. సారుకు ఫోన్ చేస్తే, గ్రామసభ తీర్మానం చేయించి, దరఖాస్తు పెట్టమన్నారు. అయితే ఆఫీసు వాళ్లు కదలడానికి సమయం పడుతుందని కూడా చెప్పారు. ఇక్కడ క్రేనుకు అంత సమయం అక్కర్లేదు.

ఇంటికొచ్చి తల పట్టుకుని కూర్చుంటే అవ్వే నోరు విప్పింది. "ఆయనకు గా రాయి ఎందుకు నచ్చింది?"

"పాతగ, అందంగ ఉన్నదని."

"గట్ల చేసింది ఎవరు?"

 అవ్వ వంగి మంచం కింద నుంచి డబ్బాలు లాగి, "లే. బ్రష్షు పట్టు" అంది. నేను గీకిన వీరన్నకు నా చేతులతోనే చిలకపచ్చ అంగి తొడిగాను. అవ్వ పక్కన నిలబడి గుండీలు చెప్పింది, మెడలో పసుపు దండ చెప్పింది, మీసాలు చెవుల దాకా లాగమంది. చివరికి ఎడమ చేతికి గడియారం కూడా పెట్టించింది.

క్రేను వచ్చింది. వెనక తెల్ల కారు వచ్చింది. కారు దిగినాయన వీరన్నను చూసి, మళ్లీ ఒకసారి చూసి, మొన్న చూసిన పాత రాయి ఏదని అడిగాడు. సర్పంచ్ మామ పొంగిపోతూ, "ఇదే సార్, మీరొస్తున్నరని మావోళ్లు కొత్తగ తయారు చేసిన్రు" అన్నాడు. ఆ రిసార్టు ఆయన వీరన్న చేతి గడియారం వైపు చూసి, క్రేనును వెనక్కి తిప్పమని కారెక్కాడు. పండుగ నాడు బోనమెత్తుకున్న ఆడవాళ్ల వెనక అవ్వ నడుస్తుంటే, యుద్ధం గెలిచింది వీరన్నో ఆమో చెప్పడం కష్టమైంది.

తర్వాత నేను బుద్ధిగా ఎగ్గొట్టిన పాఠం చదివి, తీర్మానం రాయించి, దరఖాస్తు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగాను. చివరికి నిపుణులు వచ్చారు, నన్ను తిట్టారు (గీకినందుకు ఒకసారి, పూసినందుకు ఒకసారి), రాయిని పద్ధతిగా శుభ్రం చేశారు. వాళ్లకూ ఊరికీ మధ్య పెద్ద వాదనే నడిచింది: మొక్కే వాళ్ల చెయ్యి ఆపాలా, రాయి అరిగిపోతుంటే చూస్తూ ఊరుకోవాలా అని. ఆయిల్ పెయింటు వద్దు, నీళ్లతో పోయే జాజు ఎర్రమన్ను, సున్నం, పసుపు పండుగకు మాత్రం పెట్టుకోవచ్చు అన్న దగ్గర రెండు పక్షాలూ రాజీకి వచ్చాయి. ఇప్పుడు నేను చెప్పే వారసత్వ చట్టం పాఠంలో మొదటి ఉదాహరణ మా ఊరే. ఏటా పిల్లలను తీసుకెళ్లి చూపిస్తాను. జాజు అంగి వేసుకుని, కుక్కను కాళ్ల దగ్గర పెట్టుకుని నిలబడ్డ ఆయనను చూస్తే నా ఛాతీ ఇప్పటికీ ఉబ్బుతుంది. కుర్చీలో కూర్చున్న అవ్వ మాత్రం, "గడియారం పోయింది గని, మనిషి మంచిగున్నడు" అంటుంది.

నా ఫోన్ ఏటా ఆ పాత ఫొటోను గుర్తుచేస్తూనే ఉంటుంది. అందులో అంగి లేకుండా నిలబడ్డది వీరన్న, టై కట్టుకున్నది నేను. ఎందుకో గాని, ఆయనే నిండుగా కనిపిస్తాడు.