శాక్సోఫోన్‌లో గాలి

నేను పెళ్లిళ్ల బ్యాండులో శాక్సోఫోన్ వాయించేవాణ్ని. గుంటూరు నుంచి పొదిలి దాకా నా పాటకు ఎగరని పెళ్లికొడుకు స్నేహితుడు లేడు. పొద్దున మిర్చి యార్డులో పని, సాయంత్రం ఊరేగింపు. ఆ ఘాటు నా ఊపిరితిత్తుల్లో ఎప్పుడు కాపురం పెట్టిందో గాని, పోయినేడు నా స్వరంతో పాటు గాలి కూడా బయటికి రావడం మొదలైంది. బ్యాండు మేస్త్రి నా చిన్ననాటి స్నేహితుడే. మొహం మీదే చెప్పేశాడు. "ఒరేయ్, నీ శాక్సు తుస్సుమంటోంది. ఇక చాలించు." చాలించాను. పెట్టె అటక ఎక్కించేశాను.

అంతలో మా అమ్మాయికి నిఖా కుదిరింది. అది మంగళగిరిలో ఆఫీసు ఉద్యోగం చేస్తుంది, మొండిఘటం. అప్పగింతలప్పుడు నేనే వాయించాలని పట్టుబట్టింది. "అంతమందిలో నా పరువు తీస్తావా?" అని కసిరాను. ఆదివారం మధ్యాహ్నం అది ఓ స్పీకరు తెచ్చి నా మంచం పక్కన పెట్టింది.

"పాత జాజ్ ఆల్బమ్ నాన్నా. మొత్తం నలుగురే. టెనర్ శాక్సోఫోన్ వాయించేవాడే వాళ్లకి పెద్ద."

నలుగురితో ఏం మేళం? మాకు డప్పులు కొట్టేవాళ్లే అంతకన్నా ఎక్కువ. సరే, కానిమ్మన్నాను. పియానో మెల్లగా మొదలైంది. డ్రమ్ము మీద ఎవరో చీపురుతో ఊడుస్తున్నట్టు చప్పుడు. అప్పుడు శాక్సోఫోన్ అందుకుంది. నాది చిన్నది, కీచుగా పలుకుతుంది. ఇది లావు గొంతు.

స్వరం కంటే ముందు గాలి వినపడుతోంది, అచ్చం నాకు వచ్చినట్టే. పొరపాటున ఉంచేశారనుకున్నాను. తర్వాతి పాటలోనూ అంతే. స్వరం పల్చబడి పల్చబడి, చివరికి ఉత్త ఊపిరే మిగులుతోంది.

"ఏందే ఇది? గాలిని రికార్డు చేసి అమ్ముకున్నారా? అడిగేవాడే లేడా?"

"ఆ గాలి కోసమే ఇప్పటికీ వింటున్నారు నాన్నా."

నాకు ఒళ్లు మండింది. గాలి వినపడితే మా గురువు చెవి మెలిపెట్టేవాడు. అదేదో పెద్ద తప్పని జీవితమంతా దాచుకుంటూ వచ్చాను. వీడు దర్జాగా వదిలేస్తున్నాడు. పైగా ఇంకో విడ్డూరం, పాట మధ్యలో ఆ పెద్దమనిషి వాయించడం ఆపేశాడు. మిగతా ముగ్గురూ వాళ్ల పాటికి వాళ్లు వాయించుకుంటున్నారు. ఊరేగింపులో నేను అలా ఆగితే పెళ్లివారు కొట్టడానికొస్తారు. ఇక్కడేమో ఆయన మళ్లీ అందుకునేదాకా నేనే ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.

మళ్లీ పెట్టమన్నాను. ఈసారి ఏడుపొచ్చింది. సిగ్గెందుకు, ఏడ్చాను. తర్వాత అటక మీది పెట్టె దింపించాను.

అప్పగింతల వేళ పందిట్లో నిలబడి వాయించాను. ఎప్పుడూ వాయించే పాటే, సగం వేగంతో. గాలి వచ్చింది, రానిచ్చాను. జనం మాటలు ఆపేసి నా వంకే చూస్తున్నారు. మేస్త్రి తల దించుకున్నాడు. నా పరువు పోయిందనే అనుకున్నాను. పాట సగంలో ఇక ఊపిరి అందలేదు. శాక్సోఫోన్ కిందికి దించేసి ఆయాసపడుతూ నిలబడ్డాను.

అమ్మాయి అప్పటికే కారెక్కి కూర్చుంది. దిగి వచ్చి నా వీపు మీద చెయ్యి వేసింది.

"నువ్వు ఊపిరి తీసుకో నాన్నా. నేను ఆగుతాను."