జారేది ఒక్కరు, చూసేది ఊరంతా

ఆ రోజుల్లో నాకు రెండు నమ్మకాలుండేవి. అంకెలు అబద్ధం చెప్పవని ఒకటి, డబ్లిన్‌లో చదువు ముగిసిన మర్నాడే ఉద్యోగం వచ్చి తలుపు తడుతుందని రెండోది. ముందు పోయింది రెండోదే. డేటా అనలిటిక్స్ పట్టా సూట్‌కేసులో పెట్టి, నగరం శివారు కొండమీద ఒక స్కీ క్లబ్బులో జనానికి బూట్లు అందించే పనిలో చేరాను. ఐర్లండులో అంత మంచెక్కడిదని అడక్కండి, లేదు. కొండవాలు మీద పళ్ళు తోముకునే బ్రష్షుల్లాంటి ప్లాస్టిక్ చాపలు పరిచి, వాటిమీద నీళ్ళు చల్లి జారమంటారు. జనం డబ్బిచ్చి మరీ జారతారు. (మా హాస్టల్ బాత్రూములో ఊరికే జారేవాళ్ళం.)

క్లబ్బు నడిపేది ఒక పొడుగాటి ఐరిష్ ఆవిడ. వాన దంచినా, హీటర్ పాడైనా "గ్రాండ్" (అంటే 'బాగానే ఉంది' అని) అనేది కాబట్టి మనసులో ఆవిణ్ణి గ్రాండమ్మ అనుకునేవాణ్ణి. ఒకరోజు ఆవిడ ఆ మాట అనలేదు. లీజు అయిపోవస్తోందట, జనం రాని చోట స్కీ ఎందుకు, గోడౌన్ కట్టుకుంటానంటున్నాడట స్థలం ఓనరు. "నువ్వు చదివిందిదేగా, ఎంతమంది వస్తున్నారో లెక్కతీసి చూపించు" అంది. క్లబ్బు పోతే ఆవిడ బతుకంతా పోయినట్టే, నా బూట్ల కొలువూ పోతుంది. తలుపు దగ్గర మనిషి దాటినప్పుడల్లా లెక్కపెట్టే యంత్రం ఉంది. దాని అంకెలతో గ్రాఫు గీశాను. ఆహా, ఏం గ్రాఫు! వేసవి నుంచి పైపైకి పోతూనే ఉంది. 'స్కీయింగుకి గిరాకీ బాగా పెరిగింది' అని కింద రాశాను. గ్రాండమ్మ కళ్ళు తుడుచుకుని "గ్రాండ్" అంది, ఓనరుకి ఫోన్ చేసి ఆదివారం రమ్మంది.

శనివారం తలుపు యంత్రం ఒకటే లెక్కపెడుతోంది గానీ, నా బూట్లు మాత్రం అరల్లోంచి కదలడం లేదు. ఇదేం చోద్యమని బయటికొచ్చి చూశాను. డబ్లిన్ దగ్గరి నేస్ ఊరి నుంచి వచ్చిన మన తెలుగువాళ్ళు! ఒక నర్సు ఆంటీ కూతురు వేసవి నుంచి ఇక్కడ స్కీ నేర్చుకుంటోంది. జారేది ఆ పిల్ల ఒక్కతే. చూడ్డానికి వాళ్ళ నాన్న, పిన్ని, బాబాయి, చర్చిలో స్నేహితులు, విజిట్ వీసా మీద వచ్చిన అమ్మమ్మ, ఆవిడ ఒళ్ళో పులిహోర డబ్బా. శాలువాకోసమని ఒకరు, స్పూన్లకోసమని ఒకరు కారుదాకా వెళ్ళొస్తూనే ఉన్నారు. వెళ్ళొచ్చినప్పుడల్లా నా గ్రాఫులో కొత్త స్కీయరు పుడుతున్నాడు.

"ఇంతమంది ఎందుకొచ్చారాంటీ?" అన్నాను.

"భలేవాడివయ్యా! పిల్ల పడితే లేపేవాళ్ళు ఉండొద్దూ?" అంది ఆంటీ.

నా ప్రాణం ఉసూరుమంది. వెళ్ళి గ్రాండమ్మకి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడ కిటికీలోంచి బెంచీలకేసి చూసింది. తర్వాత, "వాళ్ళు టీ తాగుతున్నారా?" అంది.

"తాగకేం? మన టీ కౌంటరు ముందు క్యూ ఉంది."

"మరింకేం అబ్బాయ్! జారేవాళ్ళిచ్చేది కరెంటు బిల్లుకే చాలదు. కూర్చుని వణికేవాళ్ళే ఇన్నాళ్ళూ మనకి తిండి పెడుతున్నారు."

ఆదివారం ఓనరు వచ్చాడు. బెంచీలనిండా మనవాళ్ళూ, మనవడికోసం వచ్చిన ఐరిష్ తాతలూ, మామ్మలూ. "వీళ్ళలో స్కీ చేసేదెంతమంది?" అన్నాడు. గ్రాండమ్మ అబద్ధమాడే మనిషి కాదు, వాలు మీదున్న ఇద్దరు పిల్లల్ని చూపించింది. ఆయన నావైపు తిరిగి, "గ్రాఫు గీసినవాడివి, నువ్వైనా చేస్తావా?" అన్నాడు. అప్పటిదాకా నేను ఆ చాపమీద కాలు పెట్టి ఎరగను. పరువుకి పోయి "ఓ" అన్నాను. సగందాకా బాగానే వచ్చాను. మిగతా సగం నేను రాలేదు, కొండే నన్ను తీసుకొచ్చి కింద కట్టిన వలలో పడేసింది.

కళ్ళు తెరిచేసరికి బెంచీలన్నీ ఖాళీ. "యేసయ్యా, బిడ్డ పడిపోయాడే!" అని అమ్మమ్మ, "ఎవరూ కదిలించకండి!" అని నా మోకాలు పట్టుకుని నర్సు ఆంటీ, శాలువా కప్పే చెయ్యొకటి, టీ అందించే చెయ్యొకటి. ఆ హడావుడిలో ఓనరు చేతికీ ఎవరో కప్పు ఇచ్చారు, పులిహోర పెట్టారు. కౌంటరు పిల్ల "పాలు అయిపోయాయి" అని అరుస్తోంది. ఆయన కాసేపు ఆ గుంపునీ, ఆ క్యూనీ చూసి, "లీజు ఇస్తాను గానీ, ముందు వీళ్ళ నెత్తిన ఒక పైకప్పు వేయించు తల్లీ" అన్నాడు. గ్రాండమ్మ ఏమందో మీకు తెలుసు. నేను మాత్రం మోకాలు నొప్పి వంకతో వెక్కి వెక్కి ఏడ్చాను. ఈ దేశంలో నేను పడితే ఇంతమంది లేచి వస్తారని అప్పటిదాకా నాకు తెలియదు.

ఇప్పుడు డబ్లిన్ పక్కనే లీక్స్‌లిప్‌లో పెద్ద ఉద్యోగమే చేస్తున్నాను, గ్రాఫులు గీస్తూనే ఉన్నాను. శనివారాలు మా అమ్మాయి అదే వాలు మీద జారుతుంది. "డాడీ, యూ డోంట్ ఈవెన్ స్కీ! కార్లో కూర్చో, ప్లీజ్" అంటుంది ఐరిష్ యాసలో. ఎందుకు కూర్చుంటాను? టీ కొనుక్కుని ముందు బెంచీ మీద చేరతాను. అది పడదు, బాగా నేర్చుకుంది. అయినా దిగుతున్నంతసేపూ నేను సగం లేచే ఉంటాను.