"నా మావ" దగ్గర ఆగే పాట

సూది రికార్డు మీద వాలగానే పాటకంటే ముందు చిన్న చిటపట వినిపిస్తుంది, నూనెలో ఆవాలు పడ్డట్టు. ఆ చప్పుడు చెవిన పడితే చాలు, నా మనసు కంచరపాలెంలో ఉంటుంది. ఈ ఉదయం స్టీలు ప్లాంటులో రిటైరైన ఒక పెద్దాయన గుడ్డసంచిలో పెట్టి ఒక రికార్డు తెచ్చారు. పాత రికార్డుల్ని కంప్యూటర్లోకి ఎక్కించి, ఏ పాటకా పాట విడదీసి, పేర్లు పెట్టి ఇవ్వడం నా పని. "మధ్యలో గీత పడిందమ్మా, అక్కడే తిరుగుతూ ఉండిపోతుంది. అది తీసెయ్యాలి" అన్నారాయన, బిడ్డ చేసిన అల్లరికి క్షమాపణ చెప్పుకుంటున్నట్టు. పైడమ్మత్త కూడా అచ్చం ఇలాగే అంది.

పైడమ్మత్త నాకు చుట్టం కాదు. ఆటోనగర్లో ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో ఉద్యోగం వచ్చి ఎలమంచిలి నుంచి కొత్తగా వచ్చినప్పుడు, కంచరపాలెంలో ఆవిడ మేడమీద గదిలో అద్దెకు దిగాను. కింద ఆవిడ మైకుసెట్టు షాపు. భర్త పోయాక అందరూ షాపు మూసెయ్యమన్నారట. ఆవిడ చీర బిగించి కట్టి, నిచ్చెనెక్కి, కరెంటు స్తంభాలకి హారన్లు కట్టడం మొదలుపెట్టింది. నేను వెళ్లేనాటికి జుట్టంతా తెల్లబడింది గానీ నిచ్చెన మాత్రం వదల్లేదు. గొంతు ఎంత గట్టిదంటే, అసలు ఆవిడకి మైకెందుకా అని వీధిలో నవ్వుకునేవారు. కోపమొస్తే పిల్లా అన్నట్టు "గుంటా" అనేది, ముద్దొచ్చినా "గుంటా" అనేది. ఏది ఏదో నాకు తెలిసేసరికి చాలాకాలం పట్టింది.

అప్పటికే పెళ్లిళ్లన్నీ డీజే బాక్సుల పాలయ్యాయి. పైడమ్మత్తకి మిగిలినవి సముద్రం ఒడ్డున వేటకెళ్లేవాళ్ల వీధి పెళ్లిళ్లే. అక్కడ నూకరత్నం అని ఆవిడ ఈడు నేస్తం. మనవడి పెళ్లికి కుర్రాళ్లంతా డీజే కావాలని పట్టుబడితే, నలుగు వరకూ పైడమ్మ మైకే మోగాలని నూకరత్నం భీష్మించింది. సరిగ్గా అప్పుడే రికార్డు ప్లేయరు మోటారు మొరాయించడం మొదలుపెట్టింది. తిప్పితే తిరుగుతుంది, మధ్యలో నీరసించిపోతుంది.

"నడి పెళ్లిలో అది ఆగిపోనాదనుకో, నా పరువు గంగలో కలిసిపోద్ది. ఈ పెళ్లి సెడిపోతే సెట్టంతా పాతినుముకి ఎయ్యడమే. నీ కంప్యూటర్లోకి ఈ పాటలెక్కవేటే గుంటా?" అంది.

ఎక్కుతాయన్నాను. అప్పటికి నాకా పని రాదు, తర్వాత అదే నా ఉద్యోగమవుతుందనీ తెలీదు. నేర్చుకున్నాను. ఆదివారాలు షాపులో చాప వేసుకుని, రికార్డుల్ని మెత్తటి గుడ్డతో తుడిచి, ప్లేయరు కాస్త ఓపిక తెచ్చుకున్న పూట ఆంప్లిఫయరు నుంచి లాప్‌టాప్‌కి వైరు కలిపేదాన్ని. ఒక పక్క మొత్తం పాడి ముగిసేదాకా కదలకుండా కూర్చోవాలి. ఆ తర్వాతే పాటల మధ్య నిశ్శబ్దం చూసి ముక్కలు చెయ్యాలి. "పాడినంతసేపూ కూకోవాలా? మంచిదే, ఇన్నాల్లూ ఎయ్యడమే గానీ ఇన్నానేటి" అని ఆవిడ చక్కగా గోడకి చేరగిలబడేది.

పేర్ల దగ్గరే పేచీ. పాట పేరేమిటత్తా అంటే "రెండో పంక్తి బోజనాలు" అనేది. ఇంకోటి "మగపెళ్లోరు దిగినారు". మరోటి "అల్లుడు అలిగినాడు". రికార్డు అట్ట మీద ఏం అచ్చువేశారో ఆవిడకి అనవసరం. ఏ పాట ఎప్పుడు వెయ్యాలో, అదే దాని పేరు. నేను కూడా అట్ట మీద పేర్లు వదిలేసి ఆవిడ చెప్పినవే కొట్టాను. ఇప్పటికీ అంతకంటే ఉపయోగపడే లేబుళ్లు నేను చూడలేదు.

చివరికి మిగిలింది పడవ పాట. మొగుడు వేటకెళ్లిన పిల్ల పాడేది. "నడి సంద్రంలో నా మావ" అనేచోట గీత పడి, "నా మావ... నా మావ..." అని సూది తోసేదాకా అదే పాడుతుంది. ఆ రికార్డు అట్టలోంచి తీసేటప్పుడు పైడమ్మత్త మొహం చిన్నబోయింది. "నలుగులో ఈ పాట ఎయ్యకపోతే ఊరుకోరు. ఏసినానంటే ఈడికొచ్చి ఆగిపోద్ది, ఆడోల్లంతా గొల్లుమని నవ్వుతారు. నాను వరండాలో మిసను కాడ సచ్చిపోతాను సిగ్గుతోటి. ఈపాలికైనా బాగు సెయ్యే, నీకు పున్నెముంటాది." సూది చేతి మీద రూపాయి బిళ్ల పెట్టి బరువు చేస్తే గీత దాటింది. చిటపటలు కూడా తీసేశాను. విని, "కొత్త రికార్డులాగున్నాదే!" అని నా బుగ్గలు పుణికింది.

నలుగు నాడు పందిట్లో పెళ్లికొడుకుని పీట మీద కూర్చోబెట్టారు. చుట్టూ పసుపు చేతులతో ఆడవాళ్లు. మేం, పైడమ్మత్త ఎప్పుడూ కూర్చునే వెనక వరండాలో, లాప్‌టాప్ ముందు. పడవ పాట వేశాను. "నా మావ" దగ్గర ఆగకుండా హాయిగా ముందుకి సాగిపోయింది. పైడమ్మత్త నా చెయ్యి పట్టుకుని నొక్కింది. పందిట్లో మాత్రం నవ్వు లేదు, చప్పుడూ లేదు. పసుపు చేతులతోనే నూకరత్నం వరండాలోకి దూసుకొచ్చింది.

"ఏటే పైడమ్మా, పాట పాడు సేసేసినావేటి?"

"పాడు సెయ్యనేదే, బాగు సేసినాం. గీత తీసేసినాం."

"ఎవులు తియ్యమన్నారే? ఆడ ఆగినప్పుడే కదా మాం పెల్లికొడుకుని ఏడిపించేది! అది 'నా మావ' అంతాది, ఒకలు 'గురకెడతాడు' అంతారు. మల్లీ 'నా మావ' అంతాది, ఇంకొకలు 'పులుసులో ఉప్పెక్కువైందని అలిగెల్లిపోనాడు' అంతారు."

పైడమ్మత్త నా చెయ్యి వదిలేసింది. "ఇన్నాల్లూ నా రికార్డుని సూసి నవ్వుతన్నారనుకున్నానే..."

"నీ రికార్డుని సూసి ఎందుకు నవ్వుతామే, మా మొగోల్లని సూసి నవ్వుతన్నాం గానీ! నువ్వు సూది తోసేసినప్పుడల్లా తిట్టుకునేవోల్లం, ఈ పైడమ్మకి ఏటి తొందరొచ్చిందని."

హారన్ల మోతలో మాటలు వరండా దాకా వచ్చేవి కావు. నవ్వొక్కటే వచ్చేది. పాపం, ఆ నవ్వుని ఆవిడ ఇంతకాలం తన మీద వేసుకుంది.

"ఆ ముక్కని మల్లీ మల్లీ తిప్పగలవేటే గుంటా?" అని పైడమ్మత్త నన్నడిగింది. తిప్పగలనన్నాను. అంతే, స్టూలూ లాప్‌టాపూ స్వయంగా మోసుకెళ్లి పందిరి మధ్యలో పెట్టింది. ఏ మీట నొక్కితే పాట ముందుకెళ్తుందో అడిగి, దాని మీద వేలు పెట్టుకుని కూర్చుంది. "నా మావ" అంది పాట. "ఇంజనాపడం మరిసిపోతాడు!" అని ఒకావిడ. "నా మావ." "దోమ కుడితే వాల్లమ్మని పిలుత్తాడు!" పెళ్లికొడుకు తువ్వాలు కప్పుకున్నాడు. పైడమ్మత్త కళ్లమ్మట నీళ్లు కారేలా నవ్వింది. అందరి మాటలూ అయిపోయాయి గానీ ఆవిడ మీట నొక్కలేదు. పాట ఇంకోసారి "నా మావ" అంది.

"మైకు నాకొదిలేసి ఎల్లిపోనాడు!" అంది పైడమ్మత్త, ఆ గొంతుతో, మైకు లేకుండా.

పందిరి ఎగిరిపోయేలా నవ్వారు. అందరికంటే గట్టిగా ఆవిడే నవ్వింది. నాకు మాత్రం నవ్వుతూనే ఏడుపొచ్చింది. అప్పుడు మీట నొక్కింది, పాట ముందుకి వెళ్లింది.

తిరిగొచ్చాక ఆ ముక్కకి పేరు అడిగాను. "పడవ పాట అని రాయి. పక్కన, ఆగిన కాడ ఆగనియ్యాల అని రాయి" అంది. ఆవిడ బతికున్నన్నాళ్లూ ఆ షాపు షట్టరు దిగలేదు, ఆ వీధిలో ఏ పెళ్లయినా నలుగు ఆవిడ మీటతోనే సాగింది.

అందుకే ఈ ఉదయం పెద్దాయన్ని అడిగాను. "మీ రికార్డు ఎక్కడ ఆగుతుందండీ?"

"'రావే' అనే దగ్గరమ్మా. 'రావే, రావే' అని అక్కడే ఉండిపోతుంది."

"అలా ఆగినప్పుడు మీ ఇంట్లో ఏం చేసేవారు?"

ఆయన మొహంలోకి నెమ్మదిగా నవ్వొచ్చింది. "మా ఆవిడ వంటింట్లోంచి అరిచేది. 'వత్తన్నాను, వత్తన్నాను, ఎందుకలా గోల' అని. ఒక్కొక్కసారి ఆ మాట కోసం నేను సూది తొయ్యకుండా కూర్చునేవాణ్ణి." సంచి మడత పెట్టుకుంటూ, విప్పుకుంటూ ఉన్నారు. "అది తియ్యకమ్మా. ఉంచెయ్యి" అన్నారు.

పాటకి పేరు కొట్టాను. పక్కన, ఆగిన దగ్గర ఆగనివ్వాలి అని కూడా కొట్టాను.