వెంట్రుక పెట్టిన పేజీ

మామ్మ ఎవరినీ నమ్మేది కాదు. పాలవాడు నీళ్లు కలిపాడని, కూరగాయల దీదీ తక్కెడ కింద వేలు పెట్టిందని, ఆఖరికి ప్లాంటు సైరన్ కూడా ఇవాళ ఆలస్యంగా మోగిందని అనుమానపడేది. భిలాయి క్యాంప్ 2లో మా గల్లీ మొత్తానికి ఆవిడంటే జంకు. అలాంటి మనిషిని అనుమానించింది మా ఇంట్లో నేనొక్కదాన్నే.

ఆవిడ నాన్న తల్లి. పెళ్లయి శ్రీకాకుళం వైపు నుంచి భిలాయి వచ్చింది. తాత ఇక్కడి స్టీల్ ప్లాంటు కోక్ ఓవెన్స్‌లో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన పోయాక పెన్షన్ ఆవిడ పేరు మీదికి మారింది. ఏ కాగితం ముందు పెట్టినా మామ్మ ఎడమ బొటనవేలు చాపేది. ఆవిడకి చదువు రాదన్న సంగతి మాకు కొత్తగా తెలియాల్సింది కాదు.

నిజానికి మా ఇంట్లో నాకు తప్ప ఎవరికీ తెలుగు చదవడం రాదు. అమ్మా నాన్నా ఇక్కడే పుట్టి హిందీలో చదువుకున్నారు. నాకు నేర్పింది పక్కింటి ఆంటీ. వాళ్లది గుంటూరు వైపు. వేసవి సెలవుల్లో మా గుమ్మంలో కూర్చుని తన చర్చి పాటల పుస్తకం తెరిచి, ఒక్కో మాట కింద వేలు పెట్టి చదివించేది. మామ్మ పక్కనే చింతపండు గింజలు తీస్తూ ఉండేది. ఒకసారి నేను ఒక వరుస వదిలేసి కింది వరుసలోకి దూకాను. ఆంటీ చూసుకోలేదు. మామ్మ ఫక్కున నవ్వింది.

"ఏటి మామ్మా?"

"ఏటీ నేదు. ఈగ."

ఆ ఈగ నాకు కనబడలేదు. అయినా అప్పుడు దాని గురించి ఆలోచించలేదు.

కాలేజీలో చేరాక డైరీ తెలుగులో రాయడం మొదలుపెట్టాను. నేను పైకి మాట్లాడేది తక్కువ, రాసేది ఎక్కువ. ఈ ఊళ్లో తెలుగు అక్షరాలకంటే గట్టి తాళం ఏముంటుంది అనుకున్నాను. మామ్మతో కలిసి పడుకునే గదిలో, నా దిండు కిందే పెట్టేదాన్ని.

అక్టోబరులో ఒకరోజు చిరాకుగా ఇలా రాశాను: "మామ్మ చుట్ట వాసన నా జుట్టుకి, పుస్తకాలకి పట్టేసింది. ఆవిడ ఈ గదిలో లేకపోతే బాగుండు."

మామ్మ అడ్డపొగ తాగేది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, గంటసేపు మాట్లాడకుండా కూర్చునేది. మూడు రోజుల తర్వాత తన మంచం వరండాలోకి లాక్కుపోయింది.

"ఈ చలిలో బయటేటత్తయ్యా?" అంది అమ్మ.

"నోపల ఉడికిపోతన్నాది."

అప్పటికే మేం దుప్పట్లు దింపుకున్నాం. దిండు కింద డైరీ ఉందో లేదో తడిమి చూసుకున్నాను. చదివిందా? చదవలేదు, ఎలా చదువుతుంది? మరి మంచం ఎందుకు లాగింది?

డైరీ మధ్యలో నా వెంట్రుక ఒకటి పెట్టి కాలేజీకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి అది లేదు. ఫ్యాన్ గాలికి ఎగిరిందేమో అని నాకు నేనే చెప్పుకున్నాను. ఫ్యాన్ వేసి వారమైంది. ఈసారి ఒక అబద్ధం రాశాను: "రేపు మామ్మ చుట్టల డబ్బా తీసి పారేస్తాను." మర్నాడు డబ్బా ఎప్పటిలాగే కిటికీలో ఉంది. నా గుండె కుదుటపడింది. మూత తీస్తే ఖాళీ. మామ్మ బొడ్లో రోజూ ఉండే రెండు చుట్టల బదులు పెద్ద మూటే ఉంది. అడిగితే నేను రాసింది నేనే ఒప్పుకున్నట్టు. వరండాలోంచి ఆవిడ దగ్గు వినబడుతుంటే, దాన్ని కూడా అనుమానించాను. నాకు వినబడాలనే దగ్గుతోందేమో!

నవంబరు ఆఖరి రోజు. పెన్షన్ కోసం మామ్మ తను బతికే ఉన్నానని బ్యాంకులో రుజువు చూపించాలి. నాన్న డ్యూటీలో ఉన్నాడు కాబట్టి నేను తీసుకెళ్లాను. గుమాస్తా వేలు మెషీన్ మీద పెట్టమన్నాడు. మెషీన్ ఆ వేలిముద్ర తీసుకోలేదు. తడి గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టించాడు. ఏళ్ల తరబడి బూడిదతో గిన్నెలు తోమిన వేలు. గీతలే లేవు.

"అమ్మాజీ, దస్తఖత్ ఆతా హై?" అన్నాడు. సంతకం వస్తే ఫారం మీద చేసి ఇప్పుడే వెళ్లిపోవచ్చట. వేలిముద్రే అయితే ఇద్దరు సాక్షులు కావాలి. ఇవాళ దాటితే పెన్షన్ ఆగుతుంది.

"నాకు రాదు బాబూ," అంది మామ్మ. కానీ చూస్తున్నది అతన్ని కాదు, నన్ను.

నాకు అప్పుడు అర్థమైంది. నేను అక్కడున్నంతసేపూ ఆవిడకి రాదు.

"మంచినీళ్లు తెస్తాను," అని బయటికొచ్చాను. చూడకూడదనే అనుకున్నాను. అయినా గాజు తలుపు దగ్గర వెనక్కి తిరిగాను. మామ్మ పెన్ను పట్టుకుని, ఎక్కడా ఆగకుండా రాస్తోంది. తలెత్తి నేరుగా నావైపు చూసింది.

ఇంటికి ఆటో ఎక్కాం. "ఎందుకు దాచావు మామ్మా?" అన్నాను.

"కంపెనీ క్వార్టర్ ఇచ్చినప్పుడు కాయితం మీద మీ తాత ఏలిముద్ర ఏసేడు. పక్కన నాను సంతకం ఎడితే ఆ మనిసి మొకం ఎక్కడెట్టుకుంటాడే? నానూ ఏసేను."

"తాత పోయాక చెప్పొచ్చు కదా."

"ఎందుకే గుంటా? సదువు రాదంటే నా ముందు ఎవులూ కాయితాలు దాసుకోరు." నావైపు తిరిగి, "నువ్వు దాసేవేటి?" అంది.

నా చెవులు కాలిపోయాయి. "అయితే నాది చదివేవన్నమాట!"

"నా గురించి రాత్తావు. నాకు తెలకూడదా? మీ నాన్నకి సెప్పకు."

ఇంటికి రాగానే మంచం లోపలికి లాగాను. ఒక కోడు గుమ్మానికి తట్టుకుంటే మామ్మే వచ్చి రెండో వైపు ఎత్తింది. "వాసనేస్తాదేమో సూసుకో," అంది, ముఖంలో నవ్వు లేకుండా.

ఆ తర్వాత రెండేళ్లు, ఆవిడ చదువుతుందని తెలిసే డైరీ రాశాను. కొన్ని పేజీల్లో ఆవిడ గురించి మంచి మాటలు రాశాను. అవి నిజమో, తన కోసం రాసినవో అని మామ్మకి తప్పకుండా అనుమానం వచ్చి ఉంటుంది. నిజాలే. ఆ మాట నోటితో ఎప్పుడూ చెప్పలేదు. ఆవిడా అడగలేదు. వెంట్రుక మాత్రం ప్రతిసారీ మాయమయ్యేది.

మామ్మ గత చలికాలంలో పోయింది. నాన్నకి ఇంకా తెలియదు. నేను ఇప్పటికీ పేజీ మధ్య వెంట్రుక పెట్టి కాలేజీకి వెళ్తాను. తిరిగొచ్చి తీస్తే, పెట్టిన చోటే ఉంటుంది.