పడవకు పూసిన పచ్చరంగు

నా చిన్నప్పుడు నా లెక్కలో మెరిసేదంతా మంచిదే. అందుకే మా తాతయ్య పడవంటే నాకు నామోషీగా ఉండేది. దివిసీమలో మా రేవు నుంచి అవతలి లంకకు మనుషుల్ని దాటించే పడవ అది. ఏటా వేసవిలో దాన్ని ఒడ్డుకు లాగి, బోర్లించి, బాగా ఎండనిచ్చి జీడిపిక్కల నూనె పట్టించేవాడు. నల్లగా ఆముదం తాగిన మొహంలా ఉండేది.

ఆ ఏడు పక్కింటి అక్క పెళ్లి. మగపెళ్లివారు లంక నుంచి మా పడవలోనే రావాలి. రెండు రోజులుందనగా గాలివాన కొట్టి, ఎండుతున్న పడవ కాస్తా తడిసింది. మర్నాడు తాతయ్య నూనె కోసం అవనిగడ్డ వెళ్లాడు. పెళ్లింటి తలుపులకు వేయగా మిగిలిన పచ్చరంగు డబ్బా నా కంటబడింది. చెక్క మీద చెయ్యి పెడితే పొడిగానే తగిలింది. ఇంకేముంది, ఒక పక్కంతా పూసేశాను. తాతయ్య మురిసిపోతాడని ఒకటే సంబరం.

మధ్యాహ్నం ఎండకు రంగంతా పొక్కులు లేచింది. నలుగురిలో తాతయ్య పరువు తీశానని పడవ చాటున కూర్చుని ఏడ్చాను. ఆయన వచ్చి చూశాడు. తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక పొక్కును గోటితో చిదిమాడు. లోపల చెమ్మ.

"చూశావా అమ్మడూ, చెక్కలో ఇంకా తడుంది. పైన మూతేస్తే అదెక్కడికి పోద్ది? నూనైతే లోపలికి ఇంకుద్ది, అరిగినచోట మళ్లీ రుద్దుకుంటే సరిపోద్ది. రంగు పొక్కితే మొత్తం గీకాల్సిందే."

నా చేతికొక మొండి చాకిచ్చి, తనొకటి పట్టుకున్నాడు. పొద్దుగూకేదాకా గీకాం. తడి ఆరలేదని తెచ్చిన నూనె కూడా ముట్టుకోలేదు. పెళ్లినాడు పడవ ఒక పక్క నల్లగా, ఒక పక్క మచ్చలుమచ్చలుగా బయల్దేరింది.

"పడవకి గజ్జి పట్టిందేంటండీ?" అన్నాడు మగపెళ్లివారి పెద్దాయన ఒకరు. అందరూ నవ్వారు. నాకు ఏట్లో దూకేయాలనిపించింది.

"మా మనవరాలు బాగుచేస్తోందండీ. పనింకా అవలేదు," అన్నాడు తాతయ్య గెడ వేస్తూనే.

పెళ్లి సందడి తీరాక పడవను మళ్లీ ఎండబెట్టాం. చేతికి గుడ్డ చుట్టుకుని, చెక్క తాగినంత తాగనిచ్చి, మిగిలింది తుడుస్తూ ఈసారి నూనె నేనే పట్టించాను.

నాది ముక్కు మీద కోపం. ఇంట్లో పిల్లలేదైనా పాడుచేస్తే నోటిదాకా తిట్టు వస్తుంది. దాన్ని మింగి, వాళ్ల పక్కన కూర్చుంటాను. పాడుచేసిన నన్ను పట్టుకుని బాగుచేస్తోందన్నాడు మా తాతయ్య. ఆ మాట నిజం చేయాలనే ఇప్పటికీ నా తాపత్రయం.