విత్తుల బుర్ర మోసిన మా ఉపదేశి గారు

నా కూతురు వచ్చిందండీ! ఏడేళ్ళ తరువాత నిన్న పొద్దున్న నా గుమ్మంలో కాలు పెట్టింది! చంకలో నా మనవరాలు, తలమీద విత్తులు నింపిన ఆనప బుర్ర! స్తోత్రం, వెయ్యి స్తోత్రాలు! ఈ పత్రిక చదివే అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ నన్ను మన్నించాలి. ఇది చావు కబురు రాయవలసిన కాగితం. మా ఉపదేశి గారు కిందటి గురువారం ఉదయం ప్రభువులో నిద్రించారు. ఆ కబురే ముందు రాద్దామని కూర్చున్నాను. కలం పట్టగానే చేయి ఈ కబురు రాసేసింది. కొట్టేద్దామా అనుకున్నాను గానీ, రెండు కబుర్లూ ఆయనవే కదా అని ఉంచేశాను.

జ్వరం తగిలిన మూడోనాడు కూడా ఆయన ప్రార్థనశాల కప్పు మీదే ఉన్నారు. వానలకు ముందే గడ్డి సర్దాలని పట్టుదల. నేను కింద నిలబడి అరిచాను.

"అయ్యగారూ, దిగండి బాబూ. ఒల్లు కాలిపోతంది మీకు."

"వాన నన్నడిగి వస్తుందా పెద్దా? ఆ తాడిలా అందియ్యి."

తాడు అందించాను. ముడి వేసి, చేత్తో లాగి చూసుకుని, అప్పుడు దిగారు. దిగిన మనిషి మళ్ళీ లేవలేదు. మూడు రోజులకు వెళ్ళిపోయారు. నేను సంఘపెద్దను కాబట్టి ఆయన నన్ను 'పెద్దా' అనేవారు. వయసులో ఆయనే నాకంటే పెద్ద.

ఇరవై ఏళ్ళ కిందట పార్వతీపురం వైపు పల్లం నుంచి ఒక మూట, ఒక గొడుగు పట్టుకుని మా అరకు కొండల్లోకి వచ్చారు. పొట్టి మనిషి. గొంతు కోసమని ఎప్పుడూ బుగ్గన కరక్కాయ ముక్క ఉండేది. నలభై దాటిన నాకు గెడ్డ వాగు ఒడ్డున ఇసుకలో వేలు పట్టి అక్షరాలు దిద్దించారు. నా రాత తిన్నగా సాగదు, కుడివైపుకు ఎక్కిపోతుంది. "నీ అక్షరాలు కూడా కొండెక్కుతున్నాయయ్యా" అని నవ్వేవారు. ఇవాళ కూడా ఎక్కుతూనే ఉన్నాయి. అచ్చువేసేవారు దయచేసి సరిదిద్దుకోవాలి.

ఆయన పలకరింపు ఒకటే. ఎవరు ఎదురైనా "సిద్ధమేనా?" అనేవారు. ప్రభువు తిరిగి వస్తాడు కదా, దానికి సిద్ధమేనా అని. మేమంతా "సిద్ధమే" అనేవాళ్ళం. అక్కడితో ఊరుకునేవారు కాదు. "మేకలకి నీళ్ళు పెట్టావా?" అనేవారు. "పక్కింటి ముసలమ్మతో మాటలు కలిశాయా?" అనేవారు. ఒకసారి నన్ను "సిద్ధమేనా?" అని అడిగి, "సిద్ధమే అయ్యగారూ" అనగానే, "మరి ఆ కాలి ముల్లు తీయించుకోవేం? కుంటుతూ ఎదురెళ్తావా ఆయనకి?" అన్నారు. అందరూ నవ్వారు. అప్పట్లో నాకు అది సరసంలాగే ఉండేది. ఇంత పెద్ద సంగతి పక్కన ఈ మేకలూ ముళ్ళూ ఏమిటనుకునేవాణ్ణి.

ఇక నా తప్పు చెప్పాలి. అది చెప్పకుండా ఆయన గురించి చెప్పడం కుదరదు.

పెద్ద జ్వరాలు వచ్చి ఇంటింటా మనుషులు పోయిన ఏడాది అది. ఉపదేశి గారికీ జ్వరం ముదిరితే డోలీ కట్టి పల్లానికి దింపాము. సంఘం బరువు నామీద పడింది. దూరదేశాల్లో యుద్ధమని సంతలో విన్నాం. ఇక్కడ జ్వరాలు, అక్కడ కరువు. నాకొచ్చిన నాలుగక్షరాలతో కూడబలుక్కుని వాక్యం చదివి, ఈ వానలకు ముందే ప్రభువు వస్తాడని తేల్చేశాను. తేల్చడమే కాదు, లేచి నిలబడి చెప్పాను. పదకొండు ఇళ్ళవాళ్ళు నమ్మారు.

మా కొండల్లో విత్తేముందు ఊరంతా విత్తుల పండుగ చేస్తారు. ఇంటింటి విత్తనాలూ అమ్మవారి దగ్గర పెట్టి, పూజారి చేతిమీదుగా తిరిగి తీసుకుంటారు. ప్రభువును నమ్ముకున్నాక మేము ఆ పండుగ మానేశాము. దాని బదులు ఏం చేయాలో మాకెవరికీ తెలియదు. ఆ రోజులొచ్చేసరికి చేతులు ఊరికే ఉండిపోయాయి. అప్పుడు నేనన్నాను కదా: "ఈ ఏడు పోడు కొట్టొద్దు, ఇత్తొద్దు. ఉన్న ఇత్తులన్నీ వండి ప్రేమవిందు సేసుకుందారి."

విత్తనాలు మా కొండల్లో ఆడవాళ్ళ చేతిలో ఉంటాయి. మగవాడు దాచిన విత్తు మొలవదని పెద్దల నమ్మకం. చోళ్ళు, అంటే రాగులు, ఎండిన ఆనప బుర్రలో పోసి, పొయ్యి మీద పొగ తగిలేలా వేలాడదీస్తారు. అడగకుండా మగవాడు బుర్ర ముట్టుకోడు. మా ఇంటిది పోయిన తరువాత మా బుర్ర పదహారేళ్ళ నా కూతురి చేతికి వచ్చింది. నేను దాన్ని దింపబోతే ఆ పిల్ల రెండు చేతులా వాటేసుకుంది.

"అయ్యా, ఇత్తులు ముట్టుకోకు."

"పెబువొత్తన్నాడే గుంటా! ఇంక పంటెవుడు కోత్తాడు?"

"వొత్తే రానీ. ఆకలేసి వొత్తే ఏటెడతావు? నీ పాటలెడతావా?"

వాకిట్లో నిలబడ్డవాళ్ళు పకపకా నవ్వారు. నా ఒళ్ళు మండిపోయింది. బుర్ర లాగేసుకున్నాను. లాగుడులో కొన్ని గింజలు నేల మీద పడ్డాయి. "నమ్మకం నేని గుంటకి నా ఇంట సోటు నేదు, పో!" అన్నాను. కన్నతండ్రి నోట వచ్చిన మాట అది. ఆ పిల్ల ఏడవలేదు. నేల మీద గింజలు ఏరుకుని చెంగున ముడి వేసుకుంది.

వండుకుని తిన్నాము. మూడు రోజులు పాడాము. నాలుగోనాడు వాన వచ్చింది, అంత మంచి వాన చాలా ఏళ్ళుగా రాలేదు. అందరి పోళ్ళూ పచ్చబడ్డాయి. మావి మాత్రం అడవిగానే ఉన్నాయి. ఆషాఢానికి మామిడి టెంకల పిండితో అంబలి కాచుకున్నాం. శ్రావణానికి దుంపలు తవ్వుకున్నాం. పాత దేవుళ్ళను కొలిచే ఇరుగుపొరుగు గంపల్లో సామలు తెచ్చి పెట్టారు. పెడుతూ పెడుతూ, "ఏటి పెద్దా, మీ సామి దారి తప్పినాడేటి?" అన్నారు. అనడంలో తప్పులేదు. నా కూతురైతే ఆ మొదటి వానల్లోనే, ఒక తెల్లవారుజామున మేనమామ ఊరికి వెళ్ళిపోయింది. గెడ్డకు అవతల, రెండు కొండలు దాటితే ఆ ఊరు. అరుగు మీద కూర్చుని చూస్తూనే ఉన్నాను. ఆగమనలేదు.

శ్రావణం చివర్లో ఉపదేశి గారు కర్ర పట్టుకుని కొండెక్కి వచ్చారు. ఎముకలు తేలిన మనిషి. మా ముఖాలు చూశారు, ఖాళీ కొండ చూశారు. ఇక వాక్యం ఎత్తి ఉతికేస్తారనుకుని తల దించుకున్నాం. ఆయన అన్నదల్లా ఇంతే: "వలిసెలకి ఇంకా పొద్దుంది. గునపం ఎవరిదగ్గరుంది?"

ఎక్కడెక్కడో అడిగి వలిసె నూనెగింజలు తెచ్చారు. మా పక్కన వంగి తవ్వారు. ఆ ఏడు మాకు పండిన పంట అదొక్కటే. పువ్వు పూసినప్పుడు కొండ పసుపు రాసుకున్నట్టు ఉంది.

ఒక ఆదివారం మాత్రం అడిగారు: "ఈ కొండ ఊళ్ళకి దొర, ముఠాదారు గారు, కొండ దిగి పట్నం వెళ్ళారనుకో పెద్దా. ఆవుల మంద నీకప్పగించారు. ఎప్పుడొస్తారో చెప్పలేదు. నువ్వేం చేస్తావు?"

"దారికేసి సూత్తాను బాబూ."

"రోజంతా దారే చూస్తే ఆవులు?"

నేను పుల్లతో నేల మీద గీతలు గీశాను.

"ఆయన వచ్చి నిన్ను కౌగిలించుకునేది ఆవుల్ని చూశాకేనయ్యా" అన్నారు. ప్రభువు రాక ఎప్పుడన్నది ఆయన పని. మన చేతిలో పెట్టినది బతికి ఉందా లేదా అన్నది మన పని. ఇలా నేను రాస్తే సాఫీగా ఉంది గానీ, ఆ రోజు ఆ మాట ముల్లులా దిగింది. ఎందుకంటే నా చేతిలో పెట్టినది గెడ్డ అవతల ఉంది.

మరుసటి ఏడు విత్తే వేళకు ఉపదేశి గారు ఒక ఆనప బుర్ర తెచ్చి నా ముందు పెట్టారు. నిండా చోళ్ళు. "ఒక సోదరి పంపింది" అన్నారు. విత్తాను, పండింది. ఆడమనిషి లేని ఇల్లు, విత్తు ఎవరు దాస్తారు? ఏరిన వెన్నులు ఆయన చేతికే ఇచ్చి, ఎవరైనా అక్క దగ్గర దాయించమన్నాను. అప్పటినుంచి అదే వరస. కోతలయ్యాక నా వెన్నులు మూటగట్టుకుని గెడ్డ దాటేవారు. తొలకరికి బుర్ర మోసుకుని గెడ్డ దాటి వచ్చేవారు. ఎవరా సోదరి అని అడిగితే, "పొగ బాగా పట్టే ఇల్లు" అనేవారు, అంతకుమించి ఒక్క మాట లేదు.

నాకు తెలియదని ఇప్పుడు రాస్తే అబద్ధమౌతుంది. గింజ చూడగానే పోల్చుకున్నాను, అది మా ఇంటిదాని చేతి విత్తు. కానీ పైకి అంటే ఆ బుర్ర రావడం ఆగిపోతుందేమోనని భయం. అందుకని ప్రార్థనలో పేరు తెలియని సోదరిని దీవించమని గట్టిగా అడిగేవాణ్ణి. నేను అలా అడుగుతుంటే ఉపదేశి గారికి దగ్గు వచ్చేది.

"వెళ్ళి కూతుర్ని చూసిరావయ్యా" అని ఏటా అనేవారు. "అదే రానియ్యి బాబూ, తలుపు మూసినానా?" అనేవాణ్ణి. ఒకసారి విసుగొచ్చి అన్నారు: "ప్రభువొస్తాడని వాకిలి తుడుస్తావు. కూతురొస్తుందని ఎప్పుడైనా తుడిచావా?" ఆ మాటకు లేచి బయలుదేరాను. గెడ్డ దాకా వెళ్ళాను. మోకాలి లోతు నీళ్ళు. నిలబడి నిలబడి తిరిగి వచ్చేశాను. దాని పెళ్ళికి వెళ్ళలేదు, పురిటికి వెళ్ళలేదు. నాకు ఎదురుచూడడం వచ్చుననుకునేవాణ్ణి. నాకు వచ్చినది కూర్చోవడమేనని ఇప్పుడు తెలుస్తోంది.

ఆయన్ను పాతిపెట్టి వచ్చాక నాకు ఒక్కసారి తట్టింది. పోడు సిద్ధం, ఆకాశం ఉరుముతోంది, విత్తు గెడ్డ అవతల ఉంది. తెచ్చే మనిషి మట్టిలో ఉన్నాడు. ఇక నేనే వెళ్ళాలి. సోమవారం వెళ్దామనుకున్నాను. మంగళవారం అనుకున్నాను. ఆ రాత్రి నిద్ర లేదు. ఆ పిల్ల పంపకపోతే? చనిపోయిన మనిషితో పాటు ఆ కాస్త దారమూ తెగిపోతే?

బుధవారం పొద్దున్న, అంటే నిన్న, కర్ర వెతుక్కుంటున్నాను. వాకిట్లో గొంతు వినబడింది.

"ఉపదేశితాత ఏడీ? పదిరోజుల్నుంచి దారి సూత్తన్నాను. వోన ముసురుతంది. ఇత్తులు నా కాడుండిపోతే ఇక్కడేటి ఇత్తుతారు, రాళ్ళా?"

ఏడేళ్ళ తరువాత నా కూతురు నాతో అన్న మొదటి మాట ఇది. ఆ పిల్లకు కబురు అందలేదు. ప్రార్థనశాల పక్కనున్న కొత్త మట్టివైపు చెయ్యి చూపించాను. బుర్ర దింపి, పిల్లను దింపి, అక్కడే కూలబడి, తండ్రిని పోగొట్టుకున్నదానిలా ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. ఈ ఏడేళ్ళూ ఆ పిల్లకు చెప్పాలని ఎన్నో మాటలు కూర్చుకున్నాను, ఒక్కటీ పనికిరాలేదు.

"తప్పు సేసినానమ్మా" అన్నాను.

"తెలుసు" అంది ముక్కు చీదుకుంటూ. "ఆ తాత ప్రెతీసారీ సెప్పేవోడు, మీ అయ్యకి తప్పు తెలిసిందే, నోరు తిరగతం నేదు అని."

"నువ్వెందుకు రానేదు మరి?"

"నువ్వు పొమ్మన్నావు. రమ్మనాల్సింది ఎవులు?"

అదే మళ్ళీ అంది: "రమ్మంటావా, గుమ్మంలోనే ఉంచుతావా? గుంట తడిసిపోతంది."

అప్పుడు చూశాను, చినుకులు మొదలయ్యాయి. "రా అమ్మా, బేగి రా" అన్నాను. ఏడేళ్ళు పట్టింది నాకు ఆ మాట అనడానికి! వచ్చిందండీ, లోపలికి వచ్చింది! వచ్చి చూరు చూసింది, పొయ్యి చూసింది, నా వంట చూసి ముఖం చిట్లించింది. మధ్యాహ్నానికి ఇద్దరం పోడులో ఉన్నాం. ఆ పిల్ల చల్లుతుంటే నేను మన్ను కప్పాను. మనవరాలు చెట్టు కింద కూర్చుని నాలుగు గింజలు నోట్లో వేసుకుంది. ఎవరం లాక్కోలేదు.

ఉపదేశి గారిని అడగాలని ఉంది: ఇది ఆయనకు తెలుసా, తను పోతేగాని మేము ఒకరి ముఖం ఒకరు చూసుకోమని? తెలియదనే అనుకుంటాను. కప్పు బాగుచేసినట్టే, బుర్ర మోసినట్టే, ఆ రోజు పని ఆ రోజు చేసుకుపోయారు. ఆయనను నేను మళ్ళీ చూసేది ప్రభువు వచ్చిన రోజునే. ఇన్నాళ్ళూ ఆ రోజు తొందరగా రావాలని అరిచి అడిగాను. ఇప్పుడు కూడా అడుగుతాను, కాస్త నెమ్మదిగా. చేతిలో పని ఉంది.

ఈ పత్రికను కొండల్లో ప్రార్థనశాలల్లో చదివి వినిపిస్తారు గనుక, దారినపోయే సోదరులు ఈ కింది వారికి రెండు కబుర్లూ చెప్పాలి. ముందు చావు కబురు, తరువాత నా కూతురు వచ్చిన కబురు. నాలాగ తిరగేసి చెప్పకండి.

పార్వతీపురంలో ఉపదేశి గారి చెల్లెలికి, ఆమె కొడుకులకు.

గుమ్మలక్ష్మీపురం సంతకు వచ్చే మా పెద్దక్కకు. చింతపండు గంపతో కూర్చుంటుంది.

గూడెం కొత్తవీధి దగ్గరున్న మా తమ్ముడికి. ఆ విందు తిని, నామీద అలిగి వెళ్ళిపోయాడు. వాడి పెళ్ళానికి కూడా విడిగా చెప్పండి, వాడు మరిచిపోతాడు.

మా అల్లుడి తల్లిదండ్రులకు, కోడలు రేపు కాదు, విత్తడం అయ్యాక వస్తుందని.

మా వియ్యపురాలి ఊరికి ఇవతల, దారిపక్క గుడిసెలో మా ఇంటిదాని అక్క ఉంటుంది. చూపు లేదు. కాళ్ళ చప్పుడు వినబడితే చాలు, "గుంట అయ్య కాడికి ఎల్లిందేటి?" అని ఏడేళ్ళుగా అందరినీ అడుగుతోంది. ఆమె అడిగేదాకా ఆగకండి.